మూడో దెబ్బ

"వచ్చేస్తున్నారు! రెండో అంతస్తు ఎక్కేశారు!" అంటూ కత్తెర బాబాయి వరండా చివర నుంచి పెట్టిన కేక దగ్గర కదా పోయిన వారం ఈ కథ ఆగింది, దాంతోపాటే నా ఊపిరీ ఆగింది. ఆ ఊపిరి నేనింకా వదల్లేదు. ఒక చేతిలో చీపురు, ఇంకో చేతిలో పాలగిన్నె పట్టుకుని, ఏది ఎక్కడ పెట్టాలో తోచక గది మధ్యలో బొమ్మలా నిలబడ్డాను.

వచ్చేది మనసు డాక్టరమ్మ. ఆమెకు మన భాష రాదు కాబట్టి వెంట ఒక దుబాసీ అమ్మాయి. ఇవాళ తేలిపోవాలి. నా కూతురు ఈ గదిలో మా దగ్గరే ఉంటుందా, ఊరవతల ఆసుపత్రిలో మంచం ఎక్కుతుందా అన్నది.

యుద్ధం తరిమితే ఈ పరాయి దేశం వచ్చి, ఈ పాత హాస్టలు భవనంలో ఒక్క గదిలో తలదాచుకున్నవాళ్ళం మేము. మా ఆయన యుద్ధానికి ముందే పోయాడు. నేనూ, మా అత్తగారూ, నా కూతురూ బయటపడ్డాం. నా పెద్దాడు మాత్రం ఆ ఊళ్ళోనే తప్పిపోయాడు. ఉన్నాడో లేడో చెప్పే దిక్కు లేదు. కూతుర్ని అసలు పేరుతో ఎవరూ పిలవరు. చిన్నప్పుడు వసపిట్టలా వాగుతోందని వాళ్ళన్న "పిట్ట" అన్నాడు, అదే ఖాయమైపోయింది. ఇరవై ఏళ్ళు నిండని ఆ పిట్ట ఇప్పుడు నోరు విప్పదు. గోడకు వీపు ఆనించి, చెప్పులు కాళ్ళకే ఉంచుకుని, తలుపుకేసి చూస్తూ కూర్చుంటుంది. గిన్నె మీద మూత జారిపడితే మంచం కిందకు దూరుతుంది. తిండీ నిద్రా ఇలాగే ఉంటే కొన్నాళ్ళు ఆసుపత్రిలో పెట్టాల్సిందేనని డాక్టరమ్మ పోయినసారే చెప్పేసింది.

కొన్నాళ్ళు! నా సంగతి మీకు తెలియంది కాదు. కొన్నాళ్ళు అన్న మాట చెవిన పడగానే నాకు ఇనప మంచం, కిటికీకి ఊచలు, గుండు గీసిన పిట్ట తల కనిపించాయి. ఒకసారి బిడ్డ చెయ్యి జారిందంటే మళ్ళీ దొరుకుతుందా? ఒక బిడ్డ విషయంలో చూశాను కదా.

"ఏమే, ఆ చీపురు డాక్టరమ్మకి బహుమతిగా ఇస్తావా? మూల పడెయ్," అంది మంచం మీద నుంచి మా అత్తగారు.

"అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను, ఇవాళ ఒక్కరోజు మాట్లాడకండి."

"నేను కూడా మాట్లాడకపోతే ఇక ఈ ఇంట్లో మాట్లాడేదెవరు? నువ్వు ఏడుస్తావు, అది చూస్తుంది. నేను నోరు మూస్తే ఇది ఇల్లు కాదు, ఫొటో."

నిజం చెప్పాలంటే, ఇవాళ నాకు భయం ఎంతుందో ఆత్రమూ అంతే ఉంది. డాక్టరమ్మకు చూపించడానికి నా దగ్గరొక అద్భుతం ఉంది మరి!

మా పెద్దాడు వడ్రంగి. మేకు కొట్టడంలో వాడిదొక పద్ధతి. నిలబెట్టడానికి చిన్నగా రెండు. కాస్త ఆగి, దిగ్గొట్టడానికి గట్టిగా ఒకటి. టక్ టక్... ఠక్! పక్కన కూర్చుని మేకులు అందించేది పిట్ట. సుత్తి పిడి చేతిలో జారుతోందని తన జడకున్న పసుపు రిబ్బను విప్పి దాని చుట్టూ బిగించి కట్టింది కూడా. ఆ పనివాటం చేతికి పట్టేసి, వాడు ఇంటి తలుపును కూడా అలాగే కొట్టేవాడు. ఈ ఊరొచ్చాక ఎవరు తలుపు కొట్టినా కదలని పిట్ట, ఒకనాడు ఉతికిన బట్టలు చేతినిండా పెట్టుకుని నేను నాకు తెలియకుండానే అలా కొడితే, ఒక్క ఉరుకున వచ్చి గడియ తీసింది!

ఏనుగెక్కినంత సంబరపడ్డాను. అన్న చప్పుడు వింటే బిడ్డకు ధైర్యం వస్తోందని నాకు నేనే తేల్చేసుకున్నాను. పక్క గదిలో బట్టలు కుట్టే మిషను వదినకు ఆ కొట్టుడు నేర్పాను. ఎదురు గదిలో జుట్టు కత్తిరించే కత్తెర బాబాయికి నేర్పాను. దుబాసీ అమ్మాయికి నేర్పి, డాక్టరమ్మకు కూడా చెప్పమన్నాను. వాళ్ళలో ఎవరు అలా కొట్టినా పిట్ట తలుపు తీసేది. తీశాక వెనక్కు తిరిగి ముడుచుకుని పడుకునేది, ఆ పూట కంచం ముట్టేది కాదు. ముడుచుకోవడం జబ్బు, తలుపు తీయడం గుణం అనుకున్నాను.

మెట్ల మీద బూట్ల చప్పుడు ఆగింది. వరండాలో గుసగుసలు. మిషను వదిన గొంతు: "అలా కాదండీ, రెండు కొట్టి ఆగాలి, ఆ తర్వాత..."

నేను చీపురు పారేసి తలుపు పక్కకు చేరాను. అంతకు ముందెప్పుడూ నేను అక్కడ నిలబడలేదు. ఎప్పుడూ పొయ్యి దగ్గరో, బయటో ఉండేదాన్ని.

టక్ టక్... ఠక్!

పిట్ట లేచింది. లేవడం కూడా కాదది, ఎగరడం. గడియ తీసి తలుపు బార్లా తెరిచింది. అప్పుడు మొదటిసారి ఆ క్షణంలో నా బిడ్డ మొహం నేను దగ్గర నుంచి చూశాను. ఆ మొహం వెలిగింది! మునుపటి పిట్ట, మేకులు అందించే పిట్ట, నోరు తెరవబోతున్న పిట్ట! గుమ్మంలో డాక్టరమ్మ నవ్వుతూ నిలబడి ఉంది. ఆమెను చూడగానే ఆ వెలుగు దీపం మీద ఎవరో నీళ్ళు పోసినట్టు ఆరిపోయింది.

నేను ఇన్నాళ్ళూ గుణం అనుకుంది ఇదా?

"ఎవరిచ్చారు నీకు?"

ఆ గొంతు ఎవరిదో ముందు నాకు తెలియలేదు. తుప్పు పట్టిన గడియలాంటి గొంతు.

"ఎవరిచ్చారు నీకు ఇది? ఇది నీది కాదు! ఇది నీ తలుపుకి కాదు!"

"పిట్టా!" అన్నాను హడలిపోయి. "డాక్టరమ్మని పట్టుకుని నువ్వు గివ్వు అంటావేంటే! అమ్మా, మీరు ఏమీ అనుకోకండి, ఇది ఇలాంటిది కాదు, ఆసుపత్రికి మాత్రం..."

"ఉండవే!" మంచం మీద నుంచి అత్తగారు అరిచింది. "మాట్లాడింది! నా మనవరాలు మాట్లాడింది! తిడితే తిట్టిందిలే. ఇంకో నాలుగు తిట్టవే నా తల్లీ, నేను విని చాన్నాళ్ళయింది!"

డాక్టరమ్మ లోపలికి రాలేదు. దుబాసీ అమ్మాయిని ఏదో అడిగింది. ఆ అమ్మాయి పిట్టతో చెప్పింది: "లోపలికి రావచ్చా అని అడుగుతున్నారు. నువ్వు వద్దంటే ఇక్కడే కూర్చుంటారట."

"వద్దు."

అంతే, డాక్టరమ్మ ఇస్త్రీ బట్టలతో వరండా గచ్చు మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంది. ఆమె వెనక మిషను వదిన, కత్తెర బాబాయి తలలు. ఈ కాస్తతో ఆమెకు కోపం వచ్చి కాగితం మీద ఆసుపత్రి అని రాసేస్తుందేమోనని నేను ఆమె చేతుల వైపే చూస్తున్నాను. చేతుల్లో ఏమీ లేదు.

పిట్ట నా వైపు తిరిగింది.

"నువ్వే కదమ్మా? నువ్వే ఇచ్చావు. బాబాయికిచ్చావు, మిషను అత్తకిచ్చావు, ఊరందరికీ పంచిపెట్టావు. ఇప్పుడు అన్న వచ్చి కొడితే అది అన్న అని నాకెలా తెలుస్తుంది? ప్రతిసారీ అన్నే అనుకుని లేస్తున్నాను. తలుపు తీస్తే బాబాయి! తలుపు తీస్తే పాలపొట్లం పట్టుకుని అత్త! రోజుకి ఎన్నిసార్లు పోగొట్టుకోవాలమ్మా నేను అన్నని?"

కత్తెర బాబాయి తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యో తల్లీ, నేను నిన్న ఉప్పు కోసం కూడా అలాగే కొట్టానే," అన్నాడు.

డాక్టరమ్మ మెల్లగా అడిగింది, దుబాసీ అమ్మాయి అంతే మెల్లగా మన మాటల్లోకి తెచ్చింది: "ఆ చప్పుడు చివరిసారి నువ్వు ఎప్పుడు విన్నావు?"

అది అడగకూడని ప్రశ్న. మా ఇంట్లో ఎవరమూ అడగని ప్రశ్న. ఆ రోజు గురించి నాకు తెలిసింది ఇంతే: మా పెద్దాడి కలప కొట్టు వెనక గదిలో దాక్కున్నాం. అత్తగారికి జ్వరం కాలిపోతుంటే ఆవిణ్ణి పట్టుకుని నేను కింది నేలమాళిగలో ఉన్నాను. వాడు నీళ్ళ కోసం వెళ్ళాడు. పిట్ట పైన తలుపు దగ్గర కాపలా కూర్చుంది. వాడు తిరిగి రాలేదు. "ఎవరైనా వచ్చారా?" అని నేను అడిగితే పిట్ట తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత దొరికిన లారీ ఎక్కి వచ్చేశాం.

పిట్ట గుమ్మం లోపల, డాక్టరమ్మకు ఎదురుగా, చతికిలబడింది. ఇద్దరి మధ్యా గడప.

"వెళ్తూ చెప్పాడు," అంది. "పిట్టా, మూడూ వినపడితేనే తియ్యి. ఎవడు పడితే వాడు తలుపు బాదుతాడు, మేకు కొట్టడం అందరికీ రాదు అన్నాడు. నవ్వాడు కూడా. నేను చెవి తలుపుకి పెట్టి కూర్చున్నా. బయట కాల్పులు. ఎవరో పరిగెత్తారు. తర్వాత..."

వేలి కణుపులు నేల మీద ఆనించింది. టక్ టక్.

"రెండు వినపడ్డాయి. మూడోదాని కోసం ఆగాను. చెయ్యి గడియ మీదే ఉంది. ఇదిగో, ఇప్పుడు కొడతాడు, ఇప్పుడు కొడతాడు అనుకుంటూ ఆగాను. మూడోది రాలేదు. చాలాసేపటికి తీశాను. ఎవరూ లేరు. గడప మీద క్యాను ఉంది. నిండా నీళ్ళు."

దుబాసీ అమ్మాయి ఆ మాటలు చెప్పబోయి సగంలో ఆగిపోయింది. ఆ పిల్లా మన ఊళ్ళ నుంచి వచ్చిందే కదా. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. ఆ అమ్మాయి మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది. కాసేపటికి ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని మొత్తం చెప్పింది.

ఆ నీళ్ళు! ఆ క్యాను పిట్ట కిందకు తెచ్చి "బయట దొరికింది" అంది. నేనూ తాగాను. అత్తగారి నోట్లో పోశాను. లారీలో పక్కవాళ్ళ పిల్లలకు కూడా పట్టాను. అవి నా కొడుకు తెచ్చిన నీళ్ళని, వాడు తలుపు దాకా వచ్చాడని, ఇంత కాలం ఈ పిల్ల ఒక్కతే గుండెలో మోసిందా? పక్కనే పడుకుంటూ నేను దానికి ఆకలి లేదనీ, అరగడం లేదనీ చెప్పుకుంటూ తిరిగానా?

"నేను రెండుకే తీసి ఉంటే లోపలికొచ్చేవాడు," అంది పిట్ట. "నేను ఆగాను కాబట్టి..."

దభీమని చప్పుడైంది. మంచం దిగాలంటే ఇద్దరు పట్టుకోవాల్సిన మా అత్తగారు తనంతట తనే దిగి, గోడ పట్టుకుని నడిచి వస్తోంది! పడిపోతుంది, తుంటి విరుగుతుంది అని నేను లేవబోతే చేత్తో అదిలించింది. వచ్చి పిట్ట ముందు కూలబడి దాని గడ్డం పట్టుకుంది.

"ఒసేయ్, ఇటు చూడు. వాడు ఏమన్నాడు?"

"మూడూ వింటేనే తియ్యమన్నాడు."

"నువ్వేం చేశావు?"

"ఆగాను."

"మరి? వాడు చెప్పింది చెప్పినట్టు చేశావు. వాడు తెచ్చిన నీళ్ళు తెచ్చి నా నోట్లో పోయించావు. ఇదిగో, ఇంకా బతికే ఉన్నాను, మీ అమ్మని సాధిస్తూ. ఇందులో నీ తప్పెక్కడుందో చూపించు, నేను కూడా చూస్తా."

పిట్ట ఏడ్చింది. ఈ ఊరొచ్చాక అది ఏడవగా నేను చూడలేదు. నాయనమ్మ భుజం మీద పడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఇద్దర్నీ కలిపి వాటేసుకున్నాను. ఏడుపుకి దానికి ఊపిరాడదేమోనని వీపు రాస్తూనే ఉన్నాను.

ఏడుపు తగ్గాక డాక్టరమ్మ మాట్లాడింది. దుబాసీ అమ్మాయి ఒక్కో మాటా ఆచితూచి చెప్పింది.

"ఇది పిచ్చి కాదు. ఆ రోజు ప్రమాదం అయిపోయిందని ఈమె ఒంటికి ఇంకా తెలియలేదు. అందుకే గిన్నె పడినా ఉలిక్కిపడుతోంది. పైగా మనిషి ఏమయ్యాడో తెలియకపోతే ఏడవడానికీ వీల్లేదు, ఊరుకోవడానికీ వీల్లేదు. దుఃఖం అలాగే గడ్డకట్టుకుపోతుంది. అదీ జబ్బే. ఇలాంటివాళ్ళని చాలామందిని చూశాను. నెమ్మదిగా తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది, మళ్ళీ తగ్గుతుంది. మందు కొంత, మాట కొంత."

"మరి ఆసుపత్రి?" అన్నాను.

"ఈమె మాట్లాడుతుంటే, కాస్త తింటుంటే అక్కర్లేదు. నేనే ఇక్కడికి వస్తాను. కానీ ఒక్క షరతు."

డాక్టరమ్మ నన్ను చూడలేదు, పిట్టను చూసింది. "నేను తలుపు ఎలా కొట్టాలో నువ్వు చెప్పాలి."

పిట్ట తన చెయ్యి ఎత్తి, వేళ్ళు చాచి, తెరిచిన తలుపు మీద మెల్లగా వేసింది.

"అరచేత్తో," అంది. "అందరూ అరచేత్తోనే. వేళ్ళతో వద్దు. వేళ్ళతో కొట్టేది అన్న ఒక్కడే."

"అంతేనా!" కత్తెర బాబాయి ఎగిరి గంతేశాడు. "చెయ్యి మార్చడమేగా!" అంటూ తన గదికి పరిగెత్తి తన తలుపే ధబేల్ ధబేల్మని బాదాడు. "ఇలాగా తల్లీ?"

"మెల్లగా బాబాయ్, తలుపు ఊడొస్తుంది!"

ఆ మాట అంటూ పిట్ట ఏం చేసిందో చూశారా? గడప దాటింది! దానంతట అది వరండాలోకి వెళ్ళి బాబాయి చెయ్యి పట్టుకుని ఎంత గట్టిగా కొట్టాలో చూపించింది. మిషను వదిన తనకూ చూపించమంటూ తన తలుపు దగ్గరకు లాక్కుపోయింది. ఆ వరండాకు రెయిలింగు ఒక చోట వదులుగా ఉంది, గచ్చు తడిగా ఉంది, నేను పరుగున వెనకే వెళ్ళాను.

"ఒసే, దాని తోకలా తిరక్కు," అంది అత్తగారు గుమ్మంలోంచి. "వెళ్ళి టీ పెట్టు. ఇంటికి ఇంతమంది వస్తే ఏడుపు తప్ప ఏమీ పెట్టలేదంటారు."

టీ పెట్టాను. పిట్టనే చూస్తూ సగం చక్కెర కిందే పోసుంటాను. డాక్టరమ్మను ఈసారి పిట్టే లోపలికి రమ్మంది. అందరం ఆ చిన్న గదిలో మోకాళ్ళు మోకాళ్ళకు తగిలేలా కూర్చున్నాం. పిట్ట నాయనమ్మ పక్కన కూర్చుని, చెప్పులు విప్పి మంచం కింద పెట్టి, టీలో రొట్టెముక్క ముంచుకుని తింటోంది. నేను చూడనట్టే చూస్తున్నాను. దిష్టి తగిలితే ఎలా? బాబాయి డాక్టరమ్మ జుట్టుకు ఏ కత్తిరింపు నప్పుతుందో ఆమెకే వివరిస్తున్నాడు. దుబాసీ అమ్మాయి నవ్వాపుకోలేక సరిగ్గా చెప్పలేకపోతోంది. తలుపు వేసి, గడియ పెట్టి ఉంది.

టక్ టక్.

బాబాయి చేతిలో గ్లాసు గాల్లో ఆగింది.

అరచెయ్యి కాదు. వేలి కణుపులు. చిన్నగా, మేకు నిలబెట్టినట్టు, రెండు.

నేను గది చుట్టూ చూశాను. బాబాయి ఇక్కడే ఉన్నాడు. వదిన ఇక్కడే ఉంది. డాక్టరమ్మ, దుబాసీ అమ్మాయి, అత్తగారు, అందరూ ఇక్కడే. ఈ ఊళ్ళో ఆ చప్పుడు తెలిసిన మనుషులందరూ నా కళ్ళ ముందే కూర్చుని ఉన్నారు. మరి బయట ఎవరు? మా పెద్దాణ్ణి పట్టుకుని కొట్టి చెప్పించుకున్నవాళ్ళా? మమ్మల్ని వెనక్కి పంపించడానికి వచ్చినవాళ్ళా? "తియ్యకు" అనబోయాను.

మూడోది రాలేదు.

పిట్ట నా వంక చూసింది. చేతిలో రొట్టె ఇంకా అలాగే ఉంది. డాక్టరమ్మ కదలలేదు, ఆపలేదు.

ఈసారి నా బిడ్డ మూడోదాని కోసం ఆగలేదు. ఉత్త కాళ్ళతో వెళ్ళి గడియ లాగింది.

గుమ్మంలో ఎవరో ఆడమనిషి. దూరం నుంచి వచ్చినట్టుంది, జుట్టంతా దుమ్ము, చంకలో మూట. మూటలోంచి ఆమె ఒక సుత్తి తీసింది. పిడికి చుట్టిన గుడ్డ మాసిపోయి మట్టిరంగుకు తిరిగింది. కానీ ముడి వేసిన చోట, మడతలో, ఇంకా పసుపు మిగిలి ఉంది.

మనిషి రాకుండా మనిషి పనిముట్టు ఇంటికి వచ్చిందంటే దానర్థం ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గోడ పట్టుకుని అలాగే జారిపోయాను. పైన పిట్ట గొంతు, ఎక్కడా వణకకుండా, వినిపించింది.

"మూడోది కొట్టలేదేం?"

"పిట్టంటే నువ్వేనన్నమాట," అంది ఆ ఆడమనిషి, సుత్తిని దాని చేతుల్లో పెడుతూ. "రెండే కొట్టమన్నాడమ్మా. మూడోది తనే వచ్చి కొడతానన్నాడు."